తలుపు పక్క కుర్చీలో బస్ అంకుల్

బస్ అంకుల్ పోయారన్న కబురు నాకు ముందు నదికి అవతలి సౌత్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో కనిపించింది. మా నార్త్ వాళ్ళ గ్రూపులోకి ఇరవై నిమిషాల తరువాత వచ్చింది. ఆ రోజు ఉదయం మైనస్ ముప్పై ఒకటి. ఒకరింటి బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాను. ఆ మెసేజ్ చదవగానే దుఃఖం రావాలి. నాకు ముందు అనుమానం వచ్చింది. నార్త్ మనిషి పోతే సౌత్ వాళ్ళకు ముందు ఎలా తెలిసింది?

కారణం చాలా మామూలుది. మన తెలుగు సంఘం ప్రెసిడెంట్, సౌత్ వైపు సుజాత గారు ఆయన పోయిన ఆసుపత్రి ఫార్మసీలో పని చేస్తారు. ఉదయం డ్యూటీకి వెళ్ళేసరికి అంకుల్ భార్య, మా ఆంటీ, కారిడార్‌లో ఒక్కరే కూర్చుని కనిపించారట. ఇంత చిన్న సంగతికి కూడా నా మనసు ముందు వంకర దారే పట్టింది. ఆయన విషయంలో అది రెండేళ్ళుగా అలాగే నడిచింది.

మన సంఘం పత్రికలో ఆయన గురించి రాయమని సుజాత గారు అడిగారు. నాకన్నా బాగా రాసేవాళ్ళు ఉన్నారు కదా అన్నాను. "ఉన్నారు. కానీ మీరే రాయాలి అన్నయ్యా" అన్నారు. నన్నే ఎందుకు అడిగారో అని అప్పుడూ ఒక అనుమానం వచ్చింది. తరువాత తెలిసింది. అది చివర్లో చెబుతాను.

నేను పదో తరగతితో ఆపేసినవాణ్ణి. ఫర్నేస్ పని, ఇంగ్లీషు, గ్యాస్ పని లైసెన్సు పరీక్ష పుస్తకాలు, అన్నీ నా అంతట నేను కూడబలుక్కుని నేర్చుకున్నవే. మాట తక్కువ. మాటకు బదులు రోజూ ఒక పుస్తకంలో నాలుగు లైన్లు రాసుకుంటాను. ఉదయం చలి ఎంత, ఎవరింటికి వెళ్ళాను, ఏమి పాడైంది, ఏమి చేశాను. ఇది రాయడానికి ఆ పుస్తకాలే ముందేసుకుని కూర్చున్నాను.

ఆయన పరిచయం కూడా అందులో ఉంది. కెనడాకు, ఈ ఎడ్మంటన్‌కు వచ్చిన మొదటి చలికాలం. కారు లేదు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని సిటీ బస్సులో తిరిగేవాణ్ణి. ఒకరోజు ఫోనులో మా అక్కతో మాట్లాడుతూ బస్సు ఎక్కాను. నేను ఫోను పెట్టేయగానే డ్రైవరు సీట్లోంచి తెలుగులో వినిపించింది.

"ఆ సంచిల ఏమున్నది తమ్మీ? గంత బరువు మోస్తున్నవ్!"

ఎడ్మంటన్ బస్సులో డ్రైవరు తెలుగులో పలకరిస్తాడని ఎవరు అనుకుంటారు! నేను సంచిని కాస్త దగ్గరికి లాక్కున్నాను. "పనిముట్లు" అన్నాను. "దొంగపని కాదు కదా?" అని ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. నేను దిగాల్సిన స్టాపు వచ్చింది. దిగబోతుంటే ఆయన స్టాపు దాటి ఇంకో పది గజాలు ముందుకు పోనిచ్చి, మంచు తవ్విన చోట ఆపారు. "అక్కడ దిగితే మోకాలి దాకా దిగుతవ్. ఇక్కడ దిగు" అన్నారు. ఆ రోజు నా పుస్తకంలో ఇలా ఉంది: "బస్సు డ్రైవరు తెలుగాయన. ఎక్కువ మాట్లాడతాడు. ఎందుకో?"

ఆయనది కరీంనగర్ వైపు. నాది ఒంగోలు దగ్గర. ఆయనకు నేను తమ్మీని. నాకు, ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ ఆయన బస్ అంకుల్. ఆయన భార్య బస్ ఆంటీ. రిటైరయి చాలా ఏళ్ళయినా ఆ పేరు పోలేదు. మాటల్లో కూడా బస్సు పోలేదు. ఎవరైనా మీది ఏ ఊరు, ఏ వైపు, ఎవరి తాలూకు అని ఆరా తీస్తుంటే, "ఎక్కడ ఎక్కినవని అడిగి ఏం జేస్తవ్? ఎక్కడ దిగుతవో అడుగు" అనేవారు. తొందరపడేవాళ్ళను చూస్తే, "రెడ్ లైట్ పడ్డంక అందరం ఒక్కకాడనే ఆగుతం" అనేవారు. ఆ మాటలు ఆ రోజుల్లో నాకు మామూలుగానే తోచేవి.

ఇంకో అలవాటు. మన సంఘం కార్యక్రమాలు జరిగే కమ్యూనిటీ హాలులో ఆయన ఎప్పుడూ వెనక వరసలో, తలుపు పక్క కుర్చీలోనే కూర్చునేవారు. కోటు విప్పేవారు కాదు. స్టీలు ఫ్లాస్కులో అల్లం టీ కాళ్ళ దగ్గర పెట్టుకునేవారు. పెద్దాయన కదా, ముందుకు రండి అంటే వచ్చేవారు కాదు. "ఈడ నాకు మంచిగుంటది" అనేవారు. మా నార్త్ వాళ్ళు, ఎవరు వచ్చారో ఎవరు మధ్యలో వెళ్ళిపోయారో చూడటానికే ఆయన అక్కడ కూర్చుంటారనేవాళ్ళు. సౌత్ వాళ్ళూ అదే మాట అనేవాళ్ళట. రెండు వైపులా ఒకే మాట మీద ఉన్న సంగతి బహుశా ఇదొక్కటే.

ఈ నార్త్, సౌత్ గొడవ కొత్తగా వచ్చినవాళ్ళకు తెలియకపోవచ్చు. ఊరి మధ్య నది ఉంది కదా. దానికి ఉత్తరాన ముందు వచ్చినవాళ్ళం ఉన్నాం. బస్సులు, గోదాములు, ఆసుపత్రి వంటిళ్ళు, నాలాంటి చేతిపనులు. దక్షిణాన కొత్త ఇళ్ళల్లో ఐటీ వాళ్ళు, అమెరికా నుంచి ఇటు మారినవాళ్ళు. సంఘం ఎన్నికలు వస్తే రెండు ప్యానెళ్ళు. ప్రెసిడెంటుగా ఎవరిని నిలబెట్టాలో ప్రతి ప్యానెలూ ముందుగా ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో కూర్చుని తేల్చుకుంటుంది. చీటీల మీద పేర్లు రాసి రైస్ కుక్కర్ గిన్నెలో వేస్తారు. ఎక్కువ చీటీలు వచ్చినవారు అభ్యర్థి. తరువాత భోజనాలు.

ఆ సమావేశానికి పిలిచేటప్పుడు "సభ్యులందరూ రావాలని మనవి" అని రెండు వైపుల వాళ్ళూ రాస్తారు. రాయడం మర్యాద. అవతలి ప్యానెల్ వాళ్ళు రాకపోవడం కూడా మర్యాదే. ఇన్నేళ్ళలో ఆ పిలుపును పిలుపుగా తీసుకుని వెళ్ళినవారు ఎవరూ లేరు, ఆయన తప్ప.

కథ రెండేళ్ళ కిందట, ఆయన అలా వెళ్ళడానికి నెల ముందే మొదలైంది. ఆయనింట్లో ఫర్నేస్ ఆగిపోయిందని ఆంటీ ఫోను చేస్తే వెళ్ళాను. మిషనులో లోపం లేదు. బయటి గాలి లోపలికి వచ్చే పైపు మూతి దగ్గర మంచు గడ్డ కట్టింది. అది తీసేస్తే వెలిగింది. ఎలా తీయాలో ఆయనకు కూడా చూపించాను. ఆయన పక్కన నిలబడి టార్చి పట్టుకున్నారు. ఫర్నేస్ వెలిగాక ఆంటీ సర్వపిండి పెట్టారు. నేను తింటుంటే ఆయన అన్నారు.

"తమ్మీ, ఈసారి మన దిక్కు నుంచి ప్రెసిడెంటుకు నువ్వు నిలబడాలె."

"నేనా? నాకు మైకు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది అంకుల్."

"మైకు స్టాండు మీద ఉంటది. నువ్వు పట్టుకునుడు ఎందుకు?"

"రాజారావు గారు ఉన్నారుగా!"

రాజారావు గారు మా నార్త్ ప్యానెల్ పెద్ద. ఇది ఆయన కూడా చదువుతారని తెలిసే రాస్తున్నాను. అంకుల్ చేత్తో ఆ పేరును పక్కకు తోసేశారు. "రాజారావుకు గెలుసుడు వస్తది. సంఘం నడుపుడు రాదు" అన్నారు. లోపల్నుంచి ఆంటీ, "గట్ల మొఖం మీద అంటరా ఎవరన్న?" అని కసిరారు. "మొఖం ఈడ లేదు కద" అన్నారాయన.

ఆ రోజు నా పుస్తకంలో ఉన్నది ఇంతే: "మైనస్ 27. బస్ అంకుల్ ఇల్లు. పైపులో మంచు. తీశాను. ప్రెసిడెంటుగా నిలబడమన్నారు. సరే అన్నాను."

మా సమావేశంలో నా పేరు ఆయనే చెప్పారు. చీటీలు నాకే ఎక్కువ వచ్చాయి. ఎముకలు కొరికే చలిలో ఎవరు పిలిచినా వెళ్ళేవాణ్ణి కదా, ఆ లెక్కన వేసి ఉంటారు. ఇంటికి వచ్చి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. నన్ను ఒక పనికి ఎవరైనా ఎంచుకోవడం నాకు తెలిసి అదే మొదలు. ఈ మాట ఇంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. నాకు ఆ ఎన్నిక ఎంత ముఖ్యమో తెలియాలని చెబుతున్నాను.

మర్నాడు ఆదివారం. సౌత్ వాళ్ళ సమావేశం. మధ్యాహ్నం రాజారావు గారు ఫోను చేశారు.

"మన బస్ అంకుల్ కారు ఎక్కడుందో తెలుసా నీకు? కిరణ్ ఇంటి ముందు!"

కిరణ్ సౌత్ వాళ్ళలో పేరున్న మనిషి. పెద్ద ఐటీ మేనేజరు. ఆ ఏడు ప్రెసిడెంటు అభ్యర్థి అతనే అని అందరం అనుకున్నాం. వాళ్ళ సమావేశం అతని బేస్‌మెంట్‌లోనే. మంచు పడుతున్నా ఆయన వంతెన దాటి, ఫ్లాస్కు చేత పట్టుకుని అక్కడికి వెళ్ళారట. "సభ్యులందరూ రావాలన్నరు కద, వచ్చిన" అన్నారట. పిలిచినవాళ్ళే పొమ్మనలేక కుర్చీ వేశారట.

సాయంత్రానికి ఫలితం తెలిసింది. కిరణ్ ఒక్క చీటీ తేడాతో ఓడిపోయాడు. సౌత్ అభ్యర్థి సుజాత గారు. పెద్దగా ఎవరికీ తెలియని మనిషి. ఒక్క చీటీ!

రాజారావు గారు పొంగిపోయారు. "చూశావా ముసలాయన తెలివి! గట్టివాణ్ణి పడగొట్టి, మెత్తని మనిషిని నిలబెట్టించి వచ్చాడు. ఇక నువ్వు ఇంట్లో పడుకున్నా గెలుస్తావు." మా గ్రూపులో అందరూ ఆయనకు దండాలు పెట్టే బొమ్మలు పంపారు. ఆయన ఒక్కదానికీ జవాబు ఇవ్వలేదు. సౌత్ వాళ్ళ గ్రూపులో ఇదే సంగతికి తిట్లు. నార్త్ వాళ్ళు మనిషిని పంపి మా అభ్యర్థిని మార్చేశారని.

నేను రెండు గ్రూపుల్లోనూ ఉన్నాను, ఫర్నేస్ పనుల కోసం. రెండూ చదివాను. నాకు రెండు రకాల అనుమానాలు వచ్చాయి. నాకు గెలిచే శక్తి లేదనుకుని, గట్టి పోటీ లేకుండా చేయడానికి వెళ్ళారేమో. లేదా నన్ను నిలబెట్టాక మనసు మారి, అవతల మంచి మనిషిని వెతుక్కోవడానికి వెళ్ళారేమో. మొదటిది అవమానం. రెండోది మోసం. పుస్తకంలో, "అంకుల్ సౌత్ మీటింగుకు వెళ్ళారు. ఎందుకు?" అని రాసి కింద రెండు గీతలు గీశాను.

రెండు రోజులు ఆగి ఆయనింటికి వెళ్ళాను. కోటు విప్పలేదు. ఆయన టీ పోస్తుంటే అడిగాను.

"మీరు నది దాటి ఎందుకు వెళ్ళారు అంకుల్?"

"ముప్పై ఏండ్లు ఆ వంతెన మీద బస్సు నడిపిన తమ్మీ. రోజుకు ఎన్నిసార్లు దాటిన్నో లెక్క లేదు. అప్పుడు ఎవ్వరూ అడగలే."

"తమాషా కాదు అంకుల్. చీటీ ఎవరికి వేశారు?"

ఆయన గ్లాసు నా ముందు పెట్టారు. "ఇద్దరిల ఒకరే గెలుస్తరు. ఎవరు గెలిచినా నాకు నిద్ర పట్టాలె. ఇవతల నువ్వు ఉన్నవ్. అవతల ఎవరున్నరో చూడొద్దా?"

"అంటే నేను ఓడిపోతాననేగా!"

"ఓడిపోవచ్చు. బస్సు పంచరు కావచ్చు. స్టెప్నీ చూసుకోకుండ బయలెల్తమా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. నేను స్టెప్నీనా, ఆవిడ స్టెప్నీనా అని దారంతా ఆలోచించాను. టీ ముట్టకుండానే లేచి వచ్చేశాను. ఆయన గుమ్మం దాకా వచ్చారు. "తమ్మీ, నిన్ను అడిగిందే ఆడ గూడ అడిగిన" అన్నారు. అప్పుడు ఆ మాట నా చెవికి ఎక్కలేదు.

ఎన్నికలో పదకొండు ఓట్లతో నేను ఓడిపోయాను. లెక్కించేటప్పుడు ఆయన ఎప్పటిలాగే తలుపు పక్కనే కూర్చున్నారు. ఫలితం చెప్పగానే లేచి ముందు నా వైపు వచ్చారు. నేను ఫోను చెవికి పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు బయటికి నడిచాను. అవతల ఎవరూ లేరు. తలుపు దగ్గర నన్ను దాటనివ్వడానికి ఆయన పక్కకు జరిగారు. నా వెనకాల ఆయన తలుపు వేసిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది.

ఆ తరువాత రెండేళ్ళు నేను హాలు వైపు వెళ్ళలేదు. ఉగాదికి పని ఉందన్నాను. దీపావళికి ఒంట్లో బాగాలేదన్నాను. ఆయన ఫోను చేస్తే పొడిపొడిగా జవాబిచ్చేవాణ్ణి. "హాలుకు వస్తలేవేం?" అనేవారు. "కుదరడం లేదు" అనేవాణ్ణి. పోయిన చలికాలం ఆయనింట్లో ఫర్నేస్ మళ్ళీ ఆగిపోయిందని ఫోను చేస్తే, తీరిక లేదని చెప్పి ఇంకో మెకానిక్ నంబరు ఇచ్చాను. ఆ రోజు నాకు తీరిక ఉంది. నా పుస్తకంలో ఆ రోజు ఒక్క ఇల్లే ఉంది. సాయంత్రం ఆయన మెసేజ్ పెట్టారు. "నువ్వు చూపించినట్టే పైపుల మంచు తీసిన. నడుస్తున్నది. పరేషాన్ కాకు." అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని మూడుసార్లు చదివాను.

అంతే. ఇదే ఆయన నాకు పంపిన చివరి మెసేజ్.

ఆయన పోయిన రోజు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మం దగ్గర బూట్లు గుట్టగా ఉన్నాయి. నార్త్ వాళ్ళు సోఫా వైపు, సౌత్ వాళ్ళు భోజనాల బల్ల వైపు. అక్కడ కూడా మధ్యలో నది ఉన్నట్టే ఉంది. ఆంటీ నన్ను చూసి, "వచ్చినవా తమ్మీ. నీ గురించే అడుగుతుండె" అన్నారు. ఏమని అడిగేవారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. సుజాత గారు అక్కడ గ్లాసులు కడుగుతున్నారు.

నేను ఉండబట్టలేకపోయాను. ఆ ఇంట్లో, ఆ రోజున అడగకూడదు. అడిగాను.

"ఆ రోజు మీ బేస్‌మెంట్ మీటింగులో అంకుల్ మీకే వేశారా అమ్మా?"

ఆవిడ కుళాయి కట్టేశారు. "ఎవరికి వేశారో నాకు తెలియదు అన్నయ్యా. నేను అడగలేదు. కానీ చీటీలు రాసేముందు లేచి నిలబడి, మా ఇద్దరినీ ఒకటే ప్రశ్న అడిగారు."

"ఏమని?"

"ఓడిపోతే, మరుసటి పండక్కి పొద్దున్నే హాలుకు వచ్చి కుర్చీలు వేస్తరా అని."

నా చేతిలో తువ్వాలు ఉంది. దాన్ని మడత పెట్టాను. మళ్ళీ విప్పాను.

"కిరణ్ నవ్వేశారు. 'మనం ఓడిపోం అంకుల్' అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను అడిగితే, 'ఎవరో ఒకరు వెయ్యాలి కదండీ, వేస్తాను' అన్నాను. అంతే. నేను గొప్పగా ఏమీ చెప్పలేదు. ఆయన 'సరే బిడ్డా' అని కూర్చున్నారు."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. సర్వపిండి తిన్నాక, ఆయనింటి బేస్‌మెంట్. విప్పిన పైపును నేను మళ్ళీ బిగిస్తున్నాను. టార్చి వెలుగు కదలకుండా నా చేతుల మీదే ఉంది. "ఓడిపోతే ఏం జేస్తవ్ తమ్మీ? పండుగకు వచ్చి కుర్చీలు వేస్తవా?" అని ఆయన అడిగారు. "దానికేముంది అంకుల్, వేస్తాను" అన్నాను. మరల మీద ధ్యాసతో అన్న మాట. ఏ రోజు ఏ ఇంట్లో ఏ మర ఊడిందో రాసుకున్నవాణ్ణి, ఆ ప్రశ్న రాసుకోలేదు. ఇంటికి వెళ్ళి పుస్తకం తీసి చూశాను. "సరే అన్నాను" అని మాత్రం ఉంది. దేనికి సరే అన్నానో లేదు.

నా అనుమానం అంత తేలిగ్గా చావదు. ఆవిడ తనకు అనుకూలంగా చెబుతున్నారేమో అనుకున్నాను. రెండో రోజు కిరణ్‌కు ఫోను చేశాను. ఇది రాయడానికి అతని అనుమతి తీసుకున్నాను.

"అవును, అడిగారు. నేను నవ్వాను. తప్పయింది" అన్నాడు. "ఇంకోటి చెప్పనా? ఆయన అసలు చీటీయే వెయ్యలేదు. రైస్ కుక్కర్ గిన్నె ఆయన దాకా వస్తే పక్కవాళ్ళకు జరిపేశారు. నేను చూస్తూనే ఉన్నా" అన్నాడు.

"మరి ఆ రోజే చెప్పలేదేం? ఆయన ఓటుతోనే నువ్వు ఓడిపోయావని ఊరంతా అన్నారు కదా!"

"అన్నారు. నాకూ అదే బాగుంది అన్నా. మా వాళ్ళే నన్ను వద్దనుకున్నారని చెప్పుకోవడం కంటే, నార్త్ ఆయన వచ్చి చెడగొట్టాడంటే పరువు దక్కుతుందిగా."

అతనికి ఆ అనుమానం పనికొచ్చింది. రాజారావు గారికి పనికొచ్చింది. నాకు అందరికన్నా ఎక్కువ పనికొచ్చింది. అది ఉన్నంతకాలం, నేను కుర్చీలు వేయడానికి వెళ్ళనక్కరలేదు. అంకుల్ తిరిగి ఏమీ అనలేదు. చీటీ వేయలేదని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అడిగింది ఎవరికి వేశారని. ఎవరికీ వేయలేదంటే నేను నమ్మనని ఆయనకు తెలిసే ఉంటుంది.

ఎన్నిక రోజున ఆయన ఓటు నాకు వేశారో సుజాత గారికి వేశారో మాత్రం ఇప్పటికీ తెలియదు. ఆంటీని అడిగాను. "నాకు గూడ చెప్పలే. నేను ఎవరికి వేసిన్నో ఆయనకు చెప్తినా?" అన్నారు. ఆ ఒక్క అనుమానం నాతో ఉంటుంది. ఉండనీయండి.

శనివారం హాలులో సంతాప సభ పెట్టారు. పదకొండు గంటలకు సభ. నేను ఎనిమిదిన్నరకే వెళ్ళాను. బయట ఒక్క కారే ఉంది. లోపల సుజాత గారు గోడకు చేర్చిన కుర్చీల బండిని ఒక్కరే లాగుతున్నారు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "అటు వైపు నుంచి మీరు పట్టుకోండి అన్నయ్యా" అన్నారు. రెండేళ్ళుగా ఆవిడే ప్రెసిడెంటు. గెలిచిన మనిషి కూడా కుర్చీలు వేస్తున్నారు. ఇన్నాళ్ళూ ఆవిడతో పాటు ఎవరు వేసేవారని అడిగాను. "అంకుల్" అన్నారు. నేను వేస్తానన్న కుర్చీలు ఆయన వేశారని ఆవిడకు తెలుసు; పత్రికకు నన్నే ఎందుకు రాయమన్నారో అప్పుడు తెలిసింది.

బస్సులో నడవ ఉన్నట్టు మధ్యలో దారి వదలాలని ఆయన అనేవారట. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఎవరినీ లేపకుండా వెళ్ళి కూర్చోవడానికి. అలాగే వేశాం. జనం వచ్చారు. అలవాటు ప్రకారం నార్త్ వాళ్ళు ఆ దారికి ఎడమ వైపు, సౌత్ వాళ్ళు కుడి వైపు కూర్చున్నారు. తలుపు పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. గౌరవం కొద్దీ వదిలేశారు.

రాజారావు గారు మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరో ఆలస్యంగా వచ్చారు. వాళ్ళ వెనక తలుపు మెల్లగా వచ్చి, వేలెడు సందు మిగిల్చి ఆగిపోయింది. చలిగాలి సన్నగా లోపలికి కొట్టింది. వెనక వరసలో పిల్లను ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ శాలువా సర్దుకుంది. అందరూ తల తిప్పి తలుపు వైపు చూశారు. ఇన్నేళ్ళలో ఆ తలుపు వైపు ఎవరూ ఎప్పుడూ అలా చూడలేదు. చూడాల్సిన పని పడలేదు.

నేను లేచి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. తలుపును అరచేత్తో నెట్టాను. టక్కున పడింది. ఇంకొకరు వచ్చారు. మళ్ళీ అదే సందు, అదే గాలి, నేరుగా నా కుడి మోకాలి మీదికి. మళ్ళీ నెట్టాను. ఆయన అక్కడే ఎందుకు కూర్చునేవారో, కోటు ఎందుకు విప్పేవారు కాదో అప్పుడు తెలిసింది.

తలుపును దానంతట అదే మూసే, పైనున్న క్లోజరులో నూనె చలికి గట్టిపడుతుంది. పక్కనున్న స్క్రూ పావు చుట్టు తిప్పితే చాలు. చూసిన మొదటి రోజే నాకు తెలుసు. ఎవరిదో పని అనుకున్నాను. స్క్రూడ్రైవర్ ఇప్పుడూ నా కోటు జేబులోనే ఉంది. దాన్ని తరువాత తీయవచ్చనుకున్నాను. ఆ పూట సభ అయ్యేదాకా, వచ్చే ప్రతి మనిషి వెనకా తలుపును చేత్తోనే వేస్తూ కూర్చున్నాను.